ఒంటి ఇటుక గోడ

వంటింటికీ హాలుకీ మధ్య గోడ తీయించేయాల్సిందేనని పట్టుబట్టింది నేనే. హాల్లో అందరూ కూర్చుని పకపకా నవ్వుతారు. పోపు చిటపటల్లో నాకు మాట అందదు, ఎందుకు నవ్వారో మళ్లీ చెప్పాలి. రెండోసారి చెప్పిన జోకు చల్లారిపోయిన టీతో సమానం. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఆ గోడకేసి చూస్తూనే కూరలు తరుగుతున్నాను. ఇక నావల్ల కాదు, నేనూ మనుషుల్లో పడాలి.

మా అత్తగారు మాత్రం ససేమిరా అన్నారు. ఆవిడ పడక్కుర్చీ అవతలి పక్క ఆ గోడకి ఆనించే ఉంటుంది. "గోడ నిన్నేం చేసిందే? దాని మానాన దాన్ని ఉండనీ," అన్నారు. కారణం అడిగితే చెప్పరు. నేను తూర్పంటే ఆవిడ పడమర అనడం కొత్తేమీ కాదు కదా అనుకున్నాను.

మా ఆయన ఒక కాంట్రాక్టరును వెంటబెట్టుకొచ్చారు. ఏమడిగినా అతని నోట ఒకటే మాట. గోడ కూల్చాలన్నాను. "అయిపోయిందనుకోండమ్మా." కూల్చకూడదన్నారు అత్తగారు. "అయిపోయిందనుకోండి పెద్దమ్మగారూ." వీళ్లిద్దరూ పోట్లాడుకోకుండా చూడవయ్యా అన్నారు మా ఆయన. "అదీ అయిపోయిందనుకోండి సార్." గోడమీది పిల్లి అంటే ఇతనే, అదీ కూలబోయే గోడమీద. 'అయిపోయిందనుకోండి' అన్న మాటే అతనికి పేరుగా పెట్టేశాం.

రెండు పూటలు ఉప్పు లేని కూర వడ్డించేసరికి మా ఆయన నా వైపు వచ్చేశారు. పని మొదలైంది.

అయిపోయిందనుకోండి గారు గోడని వేలితో తట్టి చూసి నవ్వాడు. "ఇదేం గోడమ్మా! ఒంటి ఇటుక నిలబెట్టి లాగించేశారు. ఇక్కడ గొణిగితే అక్కడ వినబడుతుంది. దీన్ని పడగొట్టడానికి సుత్తి కూడా దండగ!"

అక్కడ వినబడుతుందా? అయితే నా కొంప మునిగినట్టే.

ఎందుకంటే స్టవ్ వెలిగించిన దగ్గర్నుంచి కట్టేసేదాకా ఆ గోడకేసి చూస్తూ నేను చేసే పని అత్తగారిని తిట్టడమే. ఆవిడ నడకని, దగ్గుని, వంటమీద ఆవిడిచ్చే తీర్పులని, దేన్నీ వదల్లేదు. "ఒక్కసారి బాగుందంటే నోట్లో ముత్యాలు రాలిపోతాయా ఈ మహాతల్లికి?" ఇదంతా గోడతో. ఆవిడ ఎదురుగా మాత్రం "అలాగే అత్తయ్యా" తప్ప రెండో మాట ఎరగను. అణకువంటే నాదేనని చుట్టాల్లో పేరు కూడాను. గోడలకి చెవులుంటాయంటారు. మా గోడకి ఆ అవసరం లేదు, అవతల అత్తగారి చెవులే ఉన్నాయి.

"ఆపవయ్యా బాబూ!" అని నేను తేరుకునేసరికే పైసగం నేలమీద ఉంది.

"ఇప్పుడు ఆపమంటే ఎలాగమ్మా? సరే, ఆలోచించుకోండి. రేపొస్తా. వచ్చేశాననుకోండి," అని సుత్తి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆ రేపు వారం దాటినా రాలేదు.

ఆ వారం నేను పడ్డ అవస్థ పగవాళ్లకి కూడా వద్దు. నడుమెత్తు గోడకి ఇవతల నేను, అవతల కుర్చీ కాస్త దూరంగా ఇటు తిప్పుకుని ఆవిడ. తలెత్తితే ఆవిడ మొహమే. ఇన్నేళ్లూ అంతా విన్నారా? విని కూడా నా చేతి అన్నం తిన్నారా? ఏ క్షణాన కడిగేస్తారోనని హడలిపోతూ నోరు కుట్టేసుకున్నాను. ఆ కంగారులో కూర మాడ్చాను. మాడిందని ఆవిడ ఒక్క మాటా అనలేదు. దాంతో నా భయం రెట్టింపయింది.

చివరికి ఆవిడే అడిగారు. "ఏమే, నోరు పడిపోయిందా?"

"లేదత్తయ్యా."

"మరి ఆ మూగనోమేంటి? పొద్దున్నే నేనీ కుర్చీలో కూలబడితే నన్ను ఏదో ఒకటి అంటూనే ఉండేదానివి. ఇల్లు ఇల్లులా ఉండేది. ఇప్పుడేమో ఆస్పత్రిలో కూర్చున్నట్టుంది."

గరిటె పక్కన పెట్టేశాను. "అన్నీ... వినబడేవా?"

"నాకేమన్నా చెవుడా? మొదట్లో ఏడుపొచ్చేది. లేచొచ్చి దులిపేద్దామనుకునేదాన్ని. పోనుపోనూ అలవాటైపోయింది. రోజంతా నన్ను తలుచుకునేది నువ్వొక్కదానివే కదే! నా కొడుకు రాత్రికి గానీ 'తిన్నావా అమ్మా' అనడు. ఆమధ్య నా నడకని బాతు నడకన్నావు చూడు, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను."

నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

"సరే, తిట్టు," అన్నారు ఆవిడ కుర్చీలో వెనక్కి వాలుతూ.

నోరు తెరిచాను. ఆవిడ కళ్లలోకి చూస్తుంటే ఒక్క తిట్టూ రాదే!

"ఇందుకే ఆ గోడ జోలికి పోవద్దని మొత్తుకున్నాను," అన్నారు.

మర్నాడు అయిపోయిందనుకోండి గారు ఏమీ ఎరగనట్టు ఊడిపడ్డాడు. "మిగతా సగం కూడా లేపేద్దామమ్మా."

"మళ్లీ కట్టేయ్," అన్నాను.

ఒక్క క్షణం తెల్లబోయి వెంటనే సర్దుకున్నాడు. "కట్టేశాననుకోండి! ఈసారి మందంగా కడతానమ్మా. ఇటువైపు గొంతు చించుకున్నా అటువైపు ఒక్క ముక్క వినబడితే నా పేరు మార్చేయండి."

"వద్దు!" ఇద్దరం ఒక్కసారే అరిచాం.

అతను నా వంకా అత్తగారి వంకా మార్చి మార్చి చూశాడు.

"ఒంటి ఇటుకే," అన్నారు అత్తగారు, కుర్చీని గోడ దగ్గరికి జరుపుకుంటూ. "అదీ నిలబెట్టి."