మాస్టారు పేరు పిలిస్తే

చైనా గోడ మీద కాలేజీ క్యాంటీను ఉండటం కోటిలింగానికి వింతగా తోచదు గానీ, అందులో పిచ్చేశ్వరరావు మాస్టారు కూర్చుని టీ ఊదుకోవడం మాత్రం అనుమానంగానే ఉంటుంది, ఎందుకంటే మాస్టారు పోయి నెల దాటింది, దినానికి వెళ్ళి గారెలు తినొచ్చినవాళ్ళలో కోటిలింగమూ ఉన్నాడు. చరిత్ర మాస్టారు కదా, కాలధర్మం చెందినా కాలాన్ని లెక్కచెయ్యడం లేదు కాబోలు.

"ఏరా లింగం, టీ తాగు."

చచ్చినవాళ్ళు ఇస్తే పుచ్చుకోకూడదు, రమ్మంటే వెళ్ళకూడదు, పిలిస్తే పలకకూడదు అని అమ్మమ్మ చెప్పేది.

"ఇప్పుడే తాగానండి."

"నా దగ్గరా? నా శిష్యుడివై లెక్చరరువయ్యావు గానీ, ఊరికే వస్తే విషమైనా వదలవు నువ్వు."

ఆ విషమనే మాటే కోటిలింగానికి విషమంగా వినిపిస్తుంది. మాస్టారు నవ్వుతూ లేచి నడుస్తుంటే గోడ మెల్లగా మెత్తబడి నైలు నదై పారుతుంది, నదిలో రేపల్లె బస్సు తేలుతూ వస్తుంది, కండక్టరు "రోమ్, రోమ్" అని అరుస్తుంటే కోటిలింగం రోమాలు నిక్కబొడుచుకుంటాయి, ఎక్కకూడదు అనుకుంటూనే దిగిపోతాడు. దిగింది ఎక్కడ? బీఏ రెండో సంవత్సరం గది ముందు. మాస్టారు పాఠం చెబుతూ చెబుతూ కుప్పకూలిన గది అదే. ప్రపంచ చరిత్ర పాఠాలు ప్రిన్సిపాలు తనకు అప్పగించినా, ఇవాళ తలనొప్పి, రేపు మీటింగు అని కోటిలింగం ఇంతవరకూ గడప తొక్కని గది కూడా అదే.

"బాబిలోనియా అంటే ఏంట్రా?" గుమ్మంలోంచి మాస్టారు.

"పాత రాజ్యమండి."

"కాదు. 'బాబూ, లోనికి రావయ్యా' అని! రా."

ఒకప్పుడు ఈ జోకుకి పగలబడి నవ్వినవాడు, ఇప్పుడు తలుపు చెక్కని పట్టుకు వేలాడతాడు. "రాను మాస్టారూ! పిల్లలు చిన్నవాళ్ళు."

"మరి వీళ్ళెవరి పిల్లలు?"

లోపల బెంచీల నిండా విద్యార్థులు, మధ్యలో ఇరుక్కుని ఒక ఈజిప్టు రాజు, ఫారో. మాస్టారు హాజరు వేస్తారు. అందరూ పలుకుతారు, ఫారో కూడా. చివర తన పేరే పిలుచుకుంటారు. "పిచ్చేశ్వరరావు!"

ఎవరూ పలకరు.

"పలకరా. నా బదులు ప్రాక్సీ చెప్పు."

కోటిలింగానికి గుట్టు తెలిసిపోతుంది. చచ్చినవాడి పేరుకి పలికితే చచ్చినవాడి చోటికి వెళ్ళాల్సిందే! "నన్ను అక్కడికి పంపి మీరిక్కడికి వద్దామనా? ఆ పప్పులు ఉడకవు."

"ఆ చోటు కాదురా పిచ్చోడా, ఈ చోటు," అని మాస్టారు కుర్చీ చూపిస్తారు. "అటు చూడు."

కిటికీ పక్క సుభాషిణి నిలబడి ఉంటుంది. ఏ దేశం పాఠమైనా చివర ఎవరో ఒకరు లేచి "అప్పుడు మనవాళ్ళేం చేస్తున్నారండీ?" అని అడగాలి, జవాబు వచ్చేదాకా కూర్చోకూడదు, అది మాస్టారి క్లాసు ఆచారం. ఐరోపా ప్లేగు పాఠం నాడు అడిగింది సుభాషిణి. జవాబివ్వబోతూనే మాస్టారు ఒరిగిపోయారు.

"అప్పట్నించీ నిలబడే ఉందిరా. తను అడగబట్టే నేను పోయాననుకుంటోంది. కూర్చోమనే దిక్కులేదు."

కోటిలింగం చెయ్యి తలుపు చెక్కని వదులుతుంది. ఇంకా అనుమానంగానే, "ప్రెజెంట్ సార్!" అని కేకేస్తాడు.

ఆ కేకకి తనకే మెలకువ వచ్చింది. స్టాఫ్ రూము, మధ్యాహ్నం. బల్ల మీద అటెండరు పెట్టి వెళ్ళిన టీ మీగడ కట్టి ఉంది. గుమ్మం దగ్గర సుభాషిణి నిలబడి ఉంది.

"క్లాసు... ఇవాళ కూడా లేదాండీ?"

కోటిలింగం గ్లాసు వంక అనుమానంగా చూసి, ఊదుకుని, మీగడతో సహా తాగేశాడు.

"మనవాళ్ళు అప్పుడు కొండవీడు కోట కట్టుకుంటున్నారమ్మా. మిగతాది గదిలో చెబుతాను. నువ్వెళ్ళి కూర్చో."