చావీ గడియారం

మా బాపు కొమురెల్లి పుట్టుకతోనే మొండి మనిషి. దూది మిల్లు యంత్రంలో కుడిచేతి నాలుగు వేళ్లు పోయాక ఆ మొండితనం రెట్టింపైంది. నన్ను కన్న అవ్వ అన్నం కలిపి పెట్టబోతే కంచం జరిపేవాడు. అంగీ గుండీలు పెట్టబోతే గోడవైపు తిరిగేవాడు. ఎడమచేత్తో కిందామీదా పడి అన్నీ తానే చేసుకునేవాడు. కుడిచెయ్యి ఎప్పుడూ కండువా కిందే. వేళ్లు పోయినందుకు కాదు, మనిషి తనను దగ్గరికి రానివ్వడం లేదనే అవ్వ ఏడ్చేది.

మిల్లువాళ్లు బాపుకు గేటు దగ్గర కూర్చుని షిఫ్టు గంట కొట్టే పని ఇచ్చారు. గంట కొట్టాలంటే చేతికి గడియారం ఉండాలి. డెబ్బయ్యెనిమిదిలో ముగ్గురం వరంగల్ చౌరస్తాలో బాబా మియా దుకాణానికి వెళ్లాం. బాపు ఒకదాన్ని చూపించాడు. తెల్లటి ముఖం, అంకెలకు బదులు గీతలు, రెండు ముళ్లు. తారీఖు లేదు, తళుకు లేదు. ఆ దుకాణంలో అంతకంటే చవకది లేదు.

"కొమురెల్లి భాయ్, గదానికి రోజూ పక్క మర తిప్పి చావీ ఇయ్యాలె. జర సోంచాయించు. గీ ఆటోమేటిక్ తీస్కో, చెయ్యి ఊపితే చాలు, నడుస్తనే ఉంటది" అన్నాడు బాబా మియా, కండువా వైపు చూడకుండా.

"గదే తీసుకుందామయ్యా. నా వెండి కడియాలు ఉన్నయి గద" అంది అవ్వ.

"సాదాదే ఇయ్యి" అన్నాడు బాపు.

దారి పొడుగునా అవ్వ సణుగుతూనే ఉంది. "వేళ్లు లేని మనిషికి చావీ గడియారమేందో! పిసినారితనానికి గూడ హద్దుండాలె." నాకూ అలాగే అనిపించింది.

తెల్లారి చాయ్ తాగాక బాపు ఎడమచెయ్యి అవ్వ ముందుకు చాపాడు. "ఇగో, చావీ ఇయ్యి."

అవ్వ ముందు నమ్మలేదు. తర్వాత ఆ చెయ్యిని ఒళ్లోకి తీసుకుని గడియారం చావీ మెల్లగా తిప్పింది. అదే రోజూ అలవాటైంది. క్షణంలో అయిపోయే పనిని అవ్వ చాయ్ చల్లారేదాకా సాగదీసేది. నా చదువు, పక్కింటి యాకమ్మ కోడలి సంగతులు, అన్నీ అప్పుడే చెప్పేది. బాపు ఊఁ కొట్టేవాడు. పోను పోను కుడిచెయ్యి కూడా కండువాలోంచి బయటికి వచ్చి అవ్వ మోకాలి మీద ఆనేది. "నేను లేకుంటే మీ బాపుకు టైమే నడవది" అని అవ్వ మురిసిపోయేది.

ఎనభయ్యారులో అవ్వకు గుండె జబ్బు చేసింది. దవాఖాన మంచం మీద కూడా చావీ తిప్పింది. ఒకరోజు బాపు మందుల కోసం బయటికి వెళ్లగానే నన్ను దగ్గరికి పిలిచింది.

"బిడ్డా, మీ బాపుకు చావీ ఇచ్చుడు వచ్చు."

"నీకెట్ల తెల్సు?"

"మనిద్దరం మేడారం జాతరకు పోయి నాలుగొద్దులు ఉండలేదా? వచ్చిన పొద్దున చెయ్యి చాపిండు. నేను లేని నాలుగొద్దులు ఆగిపోవాలె గద, రెండు తిప్పులకే బిగుసుకున్నది. ఒకర్ని అడిగే మనిషి కాదాయె, ఇంకెవరిస్తరు? నేను అడగలే. అడిగితే చెయ్యి గుంజుకుంటడని భయం."

అవ్వ పోయింది. గడియారం ఆగిపోయింది. దినాలయ్యాక బాపు మళ్లీ పనికి బయల్దేరిన పొద్దున నేనే చాయ్ ఇచ్చి, "తే బాపూ, నేనిస్త" అని చెయ్యి పట్టుకోబోయాను.

"వద్దు బిడ్డా" అన్నాడు. పళ్లతో బెల్టు విప్పి, గడియారాన్ని మోకాళ్ల నడుమ నొక్కిపెట్టి, ఎడమచేతి వేళ్లతో చావీ తిప్పసాగాడు. ఏమాత్రం తడబడలేదు.

"కొన్ననాడే వచ్చు నాకు. మీ అవ్వకు తెల్వది. తెలిస్తే చెయ్యి పట్టుకోకపోయేది."

నాకు ఏడుపు ఆగలేదు. "అవ్వకు తెల్సు బాపూ. జాతరకు పోయొచ్చినప్పటి సంది తెల్సు."

తిప్పే వేళ్లు ఆగిపోయాయి.

"తెలిసే పట్టుకున్నదా?"

అవునన్నాను. వేళ్లు పోయిననాడు కూడా కంటతడి పెట్టని మా బాపు, ఆ కుడిచేతినే ముఖానికి అడ్డం పెట్టుకుని బావురుమన్నాడు.