సున్నం కింద సామ్యేలు

సంఘ పెద్దలారా, మీరు సామ్యేలును రెండుసార్లు పూడ్చారు. మొదటిసారి అవుకు క్వారీలో, రాళ్ల కింద. రెండోసారి మన చర్చిలో, సున్నం కింద. మొదటిదానికి తాగి పనికొచ్చాడన్నారు. రెండోదానికి, ఏటా కోత పండుగకు సున్నం కొట్టేదే గదా అంటున్నారు. ఆ మాట అనడానికి మీకు నోరెట్లా వచ్చిందో నాకు తెలియదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

ఆ గోడ మీద బొమ్మ వేసింది పానాయోతిస్. గ్రీసు దేశస్థుడు, అరవై దాటిన మనిషి. పేరు మన నోళ్లకు తిరగక పన్నయ్య అన్నాం, ఆయనా పలికాడు. సొంత దేశం వదిలి ఇథియోపియాలో, కెన్యాలో చర్చి గోడలకు బొమ్మలు వేసుకుంటూ బతికాడు. శిల్పులను చూసిపోదామని ఆళ్లగడ్డకు వచ్చి, ఒక శిల్పి షెడ్డు మీద గది తీసుకుని ఉండిపోయాడు. ఉలి చప్పుడు వింటుంటే తన ఊళ్లో ఉన్నట్టే ఉంటుందట. అక్కడా రాయి చెక్కేవాళ్లు, కాకుంటే చేపలకు పోయేవాళ్లేనట. పొద్దున బొరుగుల ఉగ్గాని, మధ్యాహ్నం జొన్నరొట్టె. శిల్పుల దగ్గర నేర్చిన తెలుగులో సగం తిట్లే.

మన పల్లెలో చర్చికి కొత్త గోడ లేచినప్పుడు, దాని మీద ప్రభురాత్రి భోజనం, యేసు శిష్యులతో చేసిన చివరి భోజనం, వేస్తానని ఆయనే వచ్చి అడిగాడు. సున్నం, ఇసక, కలపడానికి ఒక మనిషి ఉంటే చాలన్నాడు. ఆ మనిషి రాములమ్మ. సామ్యేలు భార్య.

ఆయన పని వేరుగా ఉండేది. ఆ పూట వేయగలిగినంత మేరకే గోడకు తడి సున్నం మెత్తించేవాడు. అది ఆరేలోపు రంగు పడాలి. రంగు సున్నంలోకి ఇంకి, రెండూ కలిసి రాయవుతాయి. తప్పు పోతే దిద్దుకోవడం ఉండదు. మెత్తింది చెక్కేసి మళ్లీ మొదలుపెట్టాలి. శిష్యుల మొహాలకు క్వారీ కూలీలను కూర్చోబెట్టుకున్నాడు. పెద్దమనిషి ఎజ్రా వచ్చి, పేతురుకు మా నాయన మొకం పెట్టు అని అడిగాడు. "మీ నాయన రాయి మోసినాడా?" అన్నాడు పన్నయ్య. అవుకు క్వారీ ఎజ్రాది. ఆయన నాయన జన్మలో రాయి మోయలేదు.

ఒక శిష్యుడి మొహం మాత్రం చివరిదాకా ఖాళీగా ఉంచాడు. అది ఎవరిదని రాములమ్మ అడిగింది.

"నీ మొగుడు" అన్నాడు.

సామ్యేలు ఫోటో ఒక్కటీ లేదు. ఫోను రాళ్ల కింద అతని జేబులోనే నుగ్గయిపోయింది. పెళ్లి ఫోటోలు చెదలు తిన్నాయి. ఆధార్ కార్డు మీద ఉన్నది మొహమో, మసి మరకో చెప్పలేం. అందుకే రాములమ్మ నోటితో చెప్పాలి, పన్నయ్య వేయాలి.

"ముక్కు యెట్ల? చెప్పు."

"ముక్కుకేముంది పన్నయ్యా, ముక్కు మాదిరే ఉంటాది."

"నీ యబ్బ, సరిగా చెప్పు! ఆరిపోతాండాది!"

నవ్వింది రాములమ్మ. సామ్యేలు పోయినాక ఆమె నవ్వడం నేను చూడలేదు. ముక్కు పక్కన కంపముల్లు గీరిన గాటు ఉండాలంది. ఎడమ కన్ను కొంచెం చిన్నదంది. ఇది ఆయన మొహం కాదు, వాళ్ల అన్న మొహం అంది. మూడుసార్లు మెత్తింది చెక్కేశాడు. నాలుగోసారి ఆమె ఏమీ అనలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి పోయింది.

ఎందుకింత కష్టం అని ఆయన్ను అడిగా. "మా నాయన చేపలకు పోయి సముద్రంలో పోయినాడు. శవం దొరకలే. ఊరి చర్చిలో పడవ బొమ్మ ఉంది. అందులో ఒక శిష్యుడికి మా నాయన మొకం పెట్టినారు. మాయమ్మ ఆడికే పోయి మాట్లాడుకుంటాండె" అన్నాడు.

మొన్నటి ఆదివారం ఎజ్రా ఎప్పట్లాగే ముందు బెంచీలో కూర్చున్నాడు. తలెత్తితే ఎదురుగా సామ్యేలు. ప్రార్థన ముగిసేదాకా ఆయన తల ఎత్తలేదు. ఆ రోజే నాకు అనుమానం రావాల్సింది.

ఈ పొద్దున పన్నయ్య కుంచెల కోసం నంద్యాలకు వచ్చాడు. నేను పనిచేసే రాళ్ల కూలీల యూనియన్ ఆఫీసు అక్కడే గనక నా దగ్గరికీ వచ్చి కూర్చున్నాడు. రాములమ్మ ఫోను చేసింది.

"ప్రేమన్నా, బేగా రాన్నా! గోడకు సున్నం కొడతాండారు! నా మొగుని మొకానికి కొడతాండారు!"

పన్నయ్యను బండెక్కించుకున్నా. శిరివెళ్ల దాటేదాకా నా భుజం పట్టుకునే ఉన్నాడు, ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. దానికే నాకు భయమేసింది.

మేం పోయేసరికి చర్చి తలుపుకు తాళం. మెట్ల మీద ఎజ్రా, ఆయన మనుషులు ఇద్దరు. సున్నం కొట్టే మహేష్ బకెట్టు పక్కన తల వంచుకుని కూర్చున్నాడు. రాములమ్మ కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె కొంగంతా తెల్లగా ఉంది. వాళ్లు కొడుతుండగానే లోపలికి దూరి, తడి కొంగుతో గోడ తుడిచిందట. రెక్క పట్టి బయటికి లాగి తాళం వేశారు.

కిటికీలోంచి చూశా. గోడంతా తెలుపు. ఆ తెలుపులో ఒక కన్ను. ఎడమ కన్ను, కొంచెం చిన్నది.

పన్నయ్య ఆమె కొంగు అందుకున్నాడు. తడిని వేళ్లతో నలిపాడు, వాసన చూశాడు, నాలుక కొసకు రాసుకుని ఉమ్మేశాడు.

"సున్నం!" అన్నాడు. మొహం వెలిగింది. "పెయింటు కాదు. ఒట్టి సున్నం!"

పెయింటు డబ్బా తెచ్చుంటే కథ ముగిసేది. ఏటా కొట్టే సున్నమే గదా అని చెప్పుకోవడానికి ఏటా కొట్టే సున్నమే తెచ్చారు. నీళ్లూ గుడ్డా ఉంటే ఈ రోజు, రేపు కడుక్కోవచ్చంటాడు పన్నయ్య. ఆ తర్వాత ఇదీ గాలికి గట్టిపడి కింది బొమ్మను పట్టుకుంటుంది. అప్పుడు గీకితే మొహమూ ఊడొస్తుంది.

"తాళం తియ్యప్పా" అన్నా ఎజ్రాతో.

"ఏందీ తీసేది? విగ్రహం చేసుకోగాకండని బైబిల్లో రెండో ఆజ్ఞ ఉంది. చదువుకోలేదా?"

రాములమ్మ కిటికీ వదిలి వచ్చింది. "మీ నాయన మొకం పెట్టమని అడిగినప్పుడు ఆ ఆజ్ఞ యాడికి పోయిండె ఎజ్రప్పా? అంగడికి పోయిండెనా?"

మహేష్ కిసుక్కుమన్నాడు. ఎజ్రా వాడి మీద పడ్డాడు. "నవ్వుతాండావేందిరా? పో, ఆ కన్ను గూడ మూసిరా!"

"నేను పోను సామీ" అన్నాడు మహేష్. "అది నన్నే చూస్తాండాది." బకెట్టు అక్కడే వదిలేసి చేతులు తుడుచుకున్నాడు.

ఎజ్రా గొంతు తగ్గించి పన్నయ్య దగ్గరికొచ్చాడు. "చూడు దొరా. నీ పని మీద నాకు కోపం లేదు. ఆ ఒక్క మొకం తీసెయ్. ఇంకెవుర్నన్నా పెట్టు. ఇప్పుడే తాళం తీసి, నా మనుషులతోనే కడిగిస్తా."

పన్నయ్య ఏడాది కష్టం ఆ గోడ మీద ఉంది. ఆయన చేతులు వణకడం మొదలై కొన్ని నెలలయింది, ఇంకో గోడ వేయలేనని నాతో అన్నాడు కూడా. రాములమ్మకూ ఆ సంగతి తెలుసు.

"మార్చుకో పన్నయ్యా" అంది. "నీ కష్టం పోగొట్టుకోవద్దు. నేను చూసుకున్నా గదా. చాలు."

పన్నయ్య ఆమె వైపు చూడలేదు. ఎజ్రానే చూస్తున్నాడు.

"ఇది మార్చేది కాదు. గోడలో ఉండాది. తీయాలంటే ఉలి పెట్టి పగలగొట్టాల."

"పగలగొట్టు."

"నేను పగలగొట్టను. ఉలి నేను తెచ్చిస్తా, నువ్వు పగలగొట్టు. రేపు కోత పండుగ. అందరూ ఉంటారు. అందరి ముందర, సామ్యేలు మొకం మీద ఉలి పెట్టి, నువ్వు కొట్టు."

ఎజ్రా తాళంచెవి జేబులో వేసుకుని కారెక్కాడు. పోతూ ఒక్కసారి కిటికీ వైపు చూశాడు. వెంటనే తల తిప్పుకున్నాడు.

పొద్దు వాలుతోంది. పన్నయ్య మెట్ల మీద కూర్చున్నాడు, కదలనంటున్నాడు. రాములమ్మ కిటికీలోంచి చెంబుతో నీళ్లు చల్లుతోంది. గోడ దాకా పోవడం లేదు. సగం దూరంలోనే నేల మీద పడుతున్నాయి.

సంఘస్తులారా, రేపు మీరు గుమ్మడికాయలు తెస్తారు, కోళ్లు తెస్తారు, జొన్న కంకులు తెస్తారు. తెండి. వాటితోపాటు ఇంటికొక బిందె నీళ్లు, ఒక పాత గుడ్డ తెండి. ఆరాధన మొదలు కాకముందే రండి. ఎజ్రా తాళం తీస్తే సరి, తీయకపోతే తాళం పగలగొట్టండి, ఆ నేరం నా మీద రాసుకోండి. గుడ్డ తడిపి, మెల్లగా, ఆ కన్ను దగ్గర మొదలుపెట్టండి. మొహమంతా బయటపడినాక ఎజ్రాను తెచ్చి ముందు బెంచీలో కూర్చోబెట్టండి. క్వారీలో రాళ్లు పడిన రోజు సామ్యేలు తాగి వచ్చాడా, పగుళ్లిచ్చిన బండ కిందికి నువ్వే పంపావా అని అడగండి. సామ్యేలు వైపు చూసి జవాబు చెప్పమనండి.