మూడో పీరియడ్‌లో అన్న మాట

కూతురు మణి చదివే హైస్కూల్ నుంచి హెల్త్ టీచర్ మిసెస్ డోలన్ ఫోన్ చేసి, పదో తరగతి పిల్లలకి మానసిక జబ్బుల గురించి చెప్పగలరా అని అడగ్గానే నవోమి ఒప్పుకుంది. అమెరికాలోని ఒహాయోలో సైకియాట్రీ వార్డు నర్సుగా ఆమెకి అప్పటికి తొమ్మిదేళ్ల అనుభవం. అది 1984, అక్టోబరు.

మూడో పీరియడ్. మణి కూడా ఆ క్లాసులోనే ఉంది.

"డిప్రెషన్ కూడా షుగర్ లాంటి జబ్బే. దాచుకోవాల్సిన పనిలేదు, సిగ్గుపడాల్సిన పని అసలే లేదు," అని ఇంగ్లీషులో చెప్పింది నవోమి. మొదట కిసుక్కుమన్న పిల్లలు కాసేపటికి నిశ్శబ్దంగా వినసాగారు. చివర్లో ముందు వరుసలోని అమ్మాయి చెయ్యెత్తింది.

"మీ ఇంట్లో ఎవరికైనా వచ్చిందా?"

వెనక నుంచి మణి కళ్లార్పకుండా చూస్తోంది.

"లేదు."

మణి తల దించుకుంది.

రెండేళ్ల కిందట నవోమి భర్త సుందర్ రాజ్ ఉద్యోగం పోయి, తిండీ నిద్రా మానేసి, బతకాలని లేదన్నాడు. తను పనిచేసే చోట చేరిస్తే తెలిసిపోతుందని నవోమి అతన్ని వంద మైళ్ల దూరంలోని ఆస్పత్రిలో చేర్చింది. అక్కడ ఏడు వారాలున్నాడు. తెలుగు చర్చిలో ఎవరడిగినా, ఆయన తల్లికి బాగోలేదని ఇండియా వెళ్లారని చెప్పింది. మణికీ అదే నేర్పింది. ఇంటికొచ్చిన పెద్దలు బాపట్లలో నిక్షేపంగా ఉన్న ఆ ముసలావిడ స్వస్థత కోసం ప్రార్థన చేశారు. నవోమి ఆమెన్ అంది.

క్లాసు అయిన ఆ సాయంత్రం కార్లో ఇంటికెళ్తుంటే మణి నోరు విప్పింది.

"మమ్మీ, నిన్ను క్వశ్చన్ అడిగింది కదా, కాథీ. వాళ్ల మామ్ మెంటల్ హాస్పిటల్‌లో ఉంది. నాకొక్కదానికే చెప్పింది."

"నువ్వేమన్నావ్?"

"మా ఇంట్లో అలాంటివి లేవు అన్నాను. నువ్వు అలాగే చెప్పమన్నావ్ కదా." మణి కిటికీ వైపు తిరిగింది. "తర్వాత తను నాతో లంచ్‌కి కూర్చోలేదు."

నవోమి కారు పక్కకి ఆపింది.

ఇంటికెళ్లేసరికి సుందర్ రాజ్ వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాడు. నవోమి జరిగిందంతా చెప్పింది.

"మీ పరువు పోకూడదనే దాచానండీ."

"నన్ను అడిగావా?" అన్నాడతను మెల్లగా. "చర్చిలో మీ అమ్మగారికెలా ఉందని అడిగినప్పుడల్లా, జైలుకెళ్లి వచ్చినవాడిలా తల దించుకున్నాను. జబ్బు ఏడు వారాల్లో తగ్గింది నవోమీ. ఇది మాత్రం తగ్గలేదు."

అతని ఎదుట కూర్చుని నవోమి ఏడ్చింది. రోజూ వార్డులో రోగుల భార్యలకి తను చెప్పే ధైర్యం తన ఇంట్లో ఒక్క పూటైనా చూపించలేకపోయింది.

"ఇప్పుడు చెప్పమంటారా?"

"చెప్పు. నా పేరుతోనే చెప్పు."

మర్నాడే మిసెస్ డోలన్‌కి ఫోన్ చేసి, ఇంకో పది నిమిషాలు కావాలని అడిగింది. తర్వాతి గురువారం క్లాసు ముందు నిలబడి, "పోయినసారి మీతో అబద్ధం చెప్పాను. నా భర్త సుందర్ రాజ్‌కి డిప్రెషన్ వచ్చింది," అంది. వెనక ఎవరో నవ్వారు. మణి లేచి, "ఆయన మా డాడీ," అంది. నవ్వు ఆగిపోయింది.

ముందు వరుసలో కాథీ కుర్చీ ఖాళీగా ఉంది. సోమవారమే ఆ అమ్మాయిని ఇండియానా రాష్ట్రంలో పిన్ని దగ్గరికి పంపేశారని మిసెస్ డోలన్ చెప్పింది.

మణి, కాథీ అడ్రస్ సంపాదించి ఉత్తరం రాసింది. జనవరిలో జవాబొచ్చింది. మణి దాన్ని గుమ్మంలోనే రెండుసార్లు చదువుకుని గదిలోకి తీసుకెళ్లింది. కాథీ ఏం రాసిందో నవోమి అడగలేదు. అడిగే అర్హత తనకింకా రాలేదనిపించింది.