ముప్పై రెండు గ్రాముల ఆక్సిజన్

భుజంగరావు మాస్టారు అరటిపళ్ళు తూస్తున్నారు. ఇది మా తొమ్మిదో తరగతి గదే, కానీ నల్లబల్ల ఉండాల్సిన చోట గెలలు వేలాడుతున్నాయి, కాళ్ళ కింద బస్టాండులోలా టిక్కెట్ ముక్కలు, ఆయన పోయి పంతొమ్మిదేళ్ళయిందని నాకు తెలుసు, అయినా సంచి పట్టుకుని నా వంతు కోసం నిలబడ్డాను.

"రేపు మోల్ పాఠం చెప్పాలటగా, సువర్చలా," అంటారు తలెత్తకుండానే.

"నావల్ల కాదు మాస్టారూ. ఇన్నేళ్ళూ ఏదో వంక పెట్టి తోటి టీచర్లకి అంటగట్టాను. కొత్త స్కూల్లో కెమిస్ట్రీకి నేనొక్కదాన్నే."

"డజను తెలుసుగా. మోల్ కూడా అంతే, చాలా పెద్ద డజను." రెండు పళ్ళు అతుక్కుని పుట్టిన కవలపండు ఒకటి చూపిస్తారు. "విడిపళ్ళు డజను ఇటు, ఇలాంటివి డజను అటు. లెక్కకి రెండూ డజనే. మరి బరువు?"

"రెట్టింపు."

"ఆక్సిజన్ వాయువు?"

"అదీ కవలపండే, రెండేసి పరమాణువులు అతుక్కుని," అంటూ కింద టిక్కెట్ ముక్కల వైపు చూస్తాను, ఎందుకంటే ఆనాడు ఆయన ముప్పై రెండు గ్రాముల ఆక్సిజన్ వాయువుని విడి పరమాణువు లెక్కన పదహారుతో భాగించి రెండు మోల్స్ అని రాస్తే, నేను లేచి, ముప్పై రెండుతో భాగించాలండీ, ఒక్క మోలే అన్నాను, క్లాసంతా గొల్లుమంది, తెల్లారేసరికి గుండె ఆగి ఆయన లేరు, అప్పట్నుంచీ తేలు కుట్టిన దొంగలా ఎవరికీ చెప్పుకోలేదు.

"నా మూలానే పోయారు మీరు."

"అంత గొప్పదానివా నువ్వు? నా గుండె అప్పటికి రెండేళ్ళుగా మొరాయిస్తోంది."

"పోనీ, మమ్మల్ని పరీక్షించడానికే అలా రాశారు కదూ?" ఆశగా అడుగుతాను.

"లేదమ్మా, నిజంగానే తప్పు రాశాను. చేతికి అలవాటైన అంకె. ఇంటికెళ్ళి మా ఆవిడతో, ఇవాళ ఒక పిల్ల నన్ను పట్టేసిందే అని చెప్పి, మారన్నం పెట్టించుకున్నాను."

హమ్మయ్య అని నేను అంటున్నానో, గదంతా అంటోందో తెలియదు. ఆయన కవలపండు నా సంచిలో వేస్తారు.

"ఇది తింటే కవలలు పుడతారంటారండీ."

"కెమిస్ట్రీ టీచరువి, ఆ మాటలేంటి. తిను."

మెలకువ వచ్చేసరికి తెల్లారింది. దిండు పక్కన పాఠం నోట్సు తెరిచే ఉంది, నిన్న రెండుసార్లు సరిచూసుకుని మరీ పడుకున్నాను. చివరి లెక్క, నా చేతిరాతే: ముప్పై రెండు గ్రాముల ఆక్సిజన్ వాయువు, భాగించు పదహారు, రెండు మోల్స్.

ఎర్ర పెన్ను తీసి కొట్టెయ్యబోయి ఆగాను. నల్లబల్ల మీదా ఇలాగే రాస్తాను, ఏ పిల్ల లేస్తుందో చూడాలి.