ఆది చొక్కా

కటింగ్ మాస్టర్‌ని పట్టుకుపోయిన రోజున షెడ్డులో నలభై మిషన్లూ ఆడుతూనే ఉన్నాయి. ఒక్కటంటే ఒక్కటి ఆగలేదు. ఈ సంగతి ముందే చెప్పాలి. తరవాత మనం గొప్పగా చెప్పుకునే రోజొకటి వచ్చింది నిజమే గానీ, ఆ సిగ్గుమాలిన రోజు కూడా మనదే.

ఆయన అడిగింది పెద్ద ప్రశ్నేమీ కాదు. జైలు బట్టల ఆర్డరు చూసి, "ఐదు వేల జతలా! అంతమంది దొంగలెక్కడున్నారయ్యా మనలో?" అన్నాడు. అంతే. మర్నాడు టీ వేళకి ముందే రక్షక దళం వాళ్ళిద్దరొచ్చి చెరో రెక్కా పట్టుకుని నడిపించుకుపోయారు. చెవి మీద పెట్టుకున్న సుద్దముక్క జారి కాజాలక్క మిషను కింద పడింది. ఆమె వంగి తీయలేదు. తలెత్తి చూడనూలేదు.

ఇరవై రెండేళ్ళుగా బొత్తాలకి కాజాలు కుట్టడమే ఆమె పని. అందుకే కాజాలక్క. అసలు పేరు ఆమెకైనా గుర్తుందో లేదో. మాస్టరుని తీసుకెళ్ళిన వాళ్ళ చొక్కాలకి కాజాలు కుట్టింది ఆమే. అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది.

మూడేళ్ళ కిందట మొదటి ఆర్డరు వచ్చింది. రక్షక దళానికి మూడు వందల చొక్కాలు. "ఎన్నికలయ్యేదాకానే. మూడు నెలల ముచ్చట" అన్నాడు సూపర్‌వైజర్. కొలతలు మాత్రం ఎవరూ పంపలేదు. "ఒడ్డూ పొడుగూ ఉన్న కుర్రాడి చొక్కా ఎవరైనా ఆదికి తెండమ్మా" అన్నాడు. ఆది అంటే తెలుసుగా, కొత్త బట్ట కుట్టడానికి కొలతకిచ్చే పాత బట్ట. అది చేతికొస్తే గానీ మా మాస్టరు కత్తెర ముట్టుకునేవాడు కాదు. కాజాలక్క పరుగున పోయి కొడుకు చొక్కా తెచ్చిచ్చింది. "అంతా నా కొడుకు కొలతేనే!" అని నెల్లాళ్ళు మురిసిపోయింది. పనీపాటా లేక తిరుగుతున్న కొడుకుని దళంలో చేర్చుకున్నారు. ఇప్పుడు మా ఫ్యాక్టరీ గేటు దగ్గరే వాడి కాపలా.

ఎన్నికలయ్యాయి. మూడు నెలలూ అయ్యాయి. చొక్కాలు మూడు వేలయ్యాయి, ముప్పై వేలయ్యాయి. చుట్టూ శత్రువులున్నారని, గెలిచి గద్దెనెక్కిన పెద్దాయన రేడియోలో చెప్పాడు. ఉంటారేమోలే అనుకున్నాం. యూనియన్ గదిలో గుడ్డ తానులు నింపి తాళం వేశారు. చోటు చాలట్లేదు, నిజమేగా అనుకున్నాం. పేపర్లు మూతపడితే, చదివే తీరిక మనకెక్కడిదిలే అన్నాం. ఒకరికి తమ్ముడి ఉద్యోగం, ఒకరికి ఇల్లు, మిగతావాళ్ళకి ఉత్త భయం. ఎవరి నోటికి తగ్గ కుట్టు వాళ్ళకి పడింది. ఆయన మనల్ని ఒక్క రోజులో మింగలేదు. మనమే కోసి, కుట్టి, ఇస్త్రీ చేసి మరీ అందించాం.

మాస్టరుని పట్టుకుపోయిన పదకొండో రోజున కాలర్లు కుట్టే పిల్ల కత్తిరించిన చొక్కా ముక్కలు పట్టుకుని కాజాలక్క దగ్గరికొచ్చింది.

"అక్కా, ఈ చెయ్యి చూడవే. తేడాగా లేదూ?"

అదే ముతక జైలు గుడ్డ. చెయ్యి రెండు జానలైనా లేదు. కాజాలక్క మెళ్ళో టేపు తీసి ఒంటిముక్క కొలిచింది. ఛాతీ ఇరవై ఆరు. మళ్ళీ కొలిచింది. ఇరవై ఆరే. మొన్న ఆదివారం మనవరాలికి గౌను కుట్టింది. కొడుకు కూతురు, తొమ్మిదేళ్ళది. ఆ కొలత చేతులకింకా గుర్తుంది. అదీ ఇరవై ఆరే.

ముక్క ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోయింది. గుసగుసలు లేచాయి.

"మనకెందుకే! కుట్టి అవతల పారేద్దాం" అంది ఒకామె. "మాస్టరు అడిగి ఏం బాగుపడ్డాడు?"

"పొట్టివాళ్ళకేమోలే" అంది ఇంకొకామె, తనకే నమ్మకం లేకుండా.

"పొట్టివాడికైనా మెడ పదకొండు అంగుళాలుంటుందటే?" అంది కాజాలక్క. "నేను అలిసిపోయానే. కుట్టి కుట్టి కాదు. కుక్కిన పేనులా పడుండి పడుండి అలిసిపోయాను."

ఆమె పెడల్ మీంచి కాలు తీసి లేచి నిలబడింది. సూపర్‌వైజర్ పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైందక్కా? మిషను పాడైందా?"

"మిషను బాగానే ఉంది. ఆది ఏదయ్యా?"

"ఏంటి?"

"ఈ కొలతకి ఆది ఏది? ఏ పిల్ల ఒంటికి కుడుతున్నామో తీసుకొచ్చి చూపించు. అప్పుడు కుడతాం."

అతను దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "గేటు దగ్గర నీ కొడుకున్నాడు. వాడి ముఖం చూసైనా కూర్చో. నీ మూలంగా వాడి చొక్కా విప్పిస్తారు. అక్కడితో ఆగరు కూడా. నీకు తెలీదా?"

తెలుసు. ఆమెకి కూర్చుందామనే అనిపించింది. ఒక్క కొడుకు. అప్పుడు వెనకనుంచి కాలర్ పిల్ల "ఆది ఏది?" అంది. మనకెందుకే అన్నామె కూడా కాలు తీసేసింది. "అడుగుతుంటే చెప్పవేంటయ్యా? ఆది ఏది?" ఒక్కో మిషనూ ఆగిపోతూ వచ్చింది. రేడియోలో పెద్దాయన మాట్లాడుతూనే ఉన్నాడు. మూడేళ్ళలో మొదటిసారి ఆయన గొంతు షెడ్డులో ఒంటరిగా వినిపించింది, అంత పెద్దదిగా కూడా లేదు.

దళం వాళ్ళు ఐదుగురొచ్చారు. "ఎవరు మొదలెట్టారు?" అన్నారు. సూపర్‌వైజర్ వేలెత్తి చూపించాడు.

ఆమెని ముందు పెట్టుకుని వాకిట్లోంచి నడిపించారు. ఐదుగురికీ ఒకటే భుజాలు, ఒకటే చొక్కా. వాళ్ళని చూస్తుంటే కొడుకు ఐదుసార్లు కనిపించినట్టయింది ఆమెకి. దారిలో రెండో షెడ్డు దాటుతుంటే అక్కడా మిషన్లు ఒకటొకటే ఆగుతున్నాయి. ఎవరో అరుస్తున్నారు, ఆది తెమ్మని.

గేటు దగ్గర అసలు కొడుకు నిలబడ్డాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"అమ్మా, ఏం చేశావే? నోరు మూసుకునుంటే పోయేదిగా!"

"మూడేళ్ళు మూసుకున్నాను కదరా" అంది. "నీ చొక్కా ఆదికిచ్చింది నేనే. ఆ తప్పు నాదే." మెళ్ళో టేపు తీసి వాడి మెళ్ళో వేసింది. "ఇంటికెళ్ళి నీ కూతురి ఛాతీ కొలువు. ఇరవై ఆరొస్తుంది. ఆ కొలతకే లోపల జైలు బట్టలు కుట్టమంటున్నారు."

వాడు టేపు తీయలేదు. మూడో షెడ్డు చప్పుడు కూడా ఆగింది.

గేటు తియ్యమని వాళ్ళు రెండుసార్లు కేకేశారు. తాళంచెవి వాడి చేతిలోనే ఉంది.