డొక్క పట్టి చూడని బేరం

ముదిగుబ్బ చుట్టుపక్కల గొర్రెల వ్యాపారుల్లో చెన్నప్పకు ఉన్న అసలు పెట్టుబడి ఒక్కటే. అతని గొర్రెను ఎవరూ డొక్క పట్టి చూడరు. మిగతావాళ్ల గొర్రెలకైతే కొనేవాడు ముందు వెన్ను తడుముతాడు, తర్వాత డొక్కలో వేళ్లు గుచ్చి లోపల ఉన్నది మేతో నీళ్లో తేల్చుకుంటాడు. తెల్లవారకముందే గొర్రె నోట్లో రాళ్లుప్పు కుక్కి, దాహం పుట్టించి, కడుపు పట్టినన్ని నీళ్లు తాపి సంతకు తోలడం ఈ వ్యాపారంలో పాత విద్య. మధ్యాహ్నం దాకా గొర్రె నిండుగా కనిపిస్తుంది. ఆ నిండుదనమంతా సాయంత్రానికి కొన్నవాడి దొడ్లో కారిపోతుంది.

ఆ విద్యలో చెన్నప్ప ఒకప్పుడు ఆరితేరినవాడే. ఆరేళ్ల కిందట మానేశాడు. కదిరి నరసింహస్వామి గుళ్లో ఒట్టు వేసుకున్నాడు, వేసుకున్న సంగతి నలుగురికీ తెలిసేలా చూసుకున్నాడు కూడా. తర్వాత తువ్వాలు కింద వేళ్లు పట్టుకొని ధర తేల్చుకునేటప్పుడు అవతలి చేయి పెద్దగా పెనుగులాడేది కాదు. మంచితనం కూడా గిట్టుబాటయ్యే సరుకేనని అతను లెక్క కట్టుకున్నాడు.

ఈ ఏడు వాన రాలేదు. వేరుశనగ పూత మీదే మాడిపోయింది, కాబట్టి మేతకు వేరుశనగ కట్టె కూడా లేదు. మేత లేని గొర్రెల వెన్నులు పైకి తేలాయి. వరసగా రెండు సంతలకు తోలాడు. తోలినవి తోలినట్టే వెనక్కి వచ్చాయి. ఎండలో అంత దూరం పోయి వచ్చినందుకు ఇంకాస్త చిక్కాయి.

మూడో సంతనాడు చీకటితోనే లేచి కొట్టంలోకి పోయాడు. మోకులు విప్పుతూ తలెత్తితే దూలానికి ఉప్పుసంచి వేలాడుతోంది. అప్పుడు అతనికి ఆశ కలగలేదు, భయం కూడా కలగలేదు. ఒళ్లంతా అలసటగా ఉంది, అంతే. ఇంకో వారం ఇలాగే పోయి రావడం తన వల్ల కాదనిపించింది. చేయి తనంతట తానే సంచిలోకి పోయింది.

భార్య మల్లీశ్వరి నీళ్లబిందెతో గడపలో నిలబడి, ఉప్పు ఎందుకని అడిగింది. గొర్రెల కడుపులో నట్టపురుగులకని చెప్పాడు. ఆమె బిందె అక్కడే దించి లోపలికి పోయింది.

ఉప్పు తిన్న గొర్రెలకు నీళ్లు తాపి సంతకు తోలుకుపోతూ, దారి పొడవునా తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. కొనేది ఎలాగూ బెంగళూరు లారీలవాళ్లే. ఇవాళ కొంటారు, రేపు కోస్తారు. గొర్రె బాధపడేంత వ్యవధి కూడా ఉండదు. నష్టం ఫలానా మనిషికని చెప్పడానికి వీలుండదు.

లారీలవాళ్లు రాకముందే తిమ్మక్క వచ్చింది. మొగుడు పోయాక చిన్న మంద పెట్టుకొని బతుకుతున్న మనిషి. కోతకు కాదు, సాకడానికి కొంటుంది. వాళ్ల ఊళ్లో ఒక బోరు కింద మొక్కజొన్న కోసిన మడిలో మేపుకోనిచ్చారట, ఒక సూడిగొర్రె అయితే పిల్లతో సహా చేతికొస్తుందని చెప్పింది. కడుపుతో ఉన్న గొర్రె చెన్నప్ప దగ్గర ఒకటే ఉంది, ఎర్రమూతిది. కరువులో దాన్ని కూడా తోలక తప్పలేదు.

తిమ్మక్క దాని మెడ మాత్రం నిమిరింది.

"పట్టి చూడవా అక్కా?" అని అడిగాడు చెన్నప్ప. ఆ మాట ఎందుకు వచ్చిందో అతనికే తెలియదు.

"నీ గొర్రెను పట్టి చూసేదేముండాదప్పా," అని మోకు చేతికి చుట్టుకుంది.

అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. ఎర్రమూతి గొర్రె నిండు కడుపుతో ఊగుతూ ఆమె వెనకే పోయింది. మిగతావన్నీ లారీలవాళ్లు ఎక్కించుకున్నారు. చాలా రోజులకు ఖాళీ మోకులతో ఇంటికి చేరాడు గానీ, ఆ రాత్రి సంగటి సగంలోనే వదిలి లేచాడు.

మర్నాడు మోటారుసైకిల్ మీద తిమ్మక్క ఊరికి పోయాడు. దొడ్లో గొర్రె తోకంతా పేడ పూసుకొని, డొక్కలు లోపలికి పోయి నిలబడి ఉంది. పక్కన నేల మీద గోనెపట్ట, దాని కింద చిన్న ఎత్తు. కడుపు పోయింది.

"ఉప్పు పెట్టినావా?" అంది తిమ్మక్క.

వచ్చేదారిలోనే అతను జవాబులు సిద్ధం చేసుకున్నాడు. ఎండ దెబ్బ అనొచ్చు, నీళ్లు మారినాయి అనొచ్చు. వ్యాపారి నాలుక మీద అలాంటివి ఎప్పుడూ నిలువ ఉంటాయి. వాటిలో ఒకటి తీసే ఓపిక కూడా లేకపోయింది.

"పెట్టినా అక్కా."

"ఒట్టేసుకున్నావని అందరూ చెప్పుకుంటాన్యారే."

"ఏసుకున్యా. వానలు పడినన్ని దినాలు నిలబడింది."

దీని బదులు ఇంకో గొర్రెను తోలుకొస్తానన్నాడు. ఈ సంగతి నలుగురిలో పెట్టొద్దని కూడా అడగాలనుకున్నాడు గానీ, ఆమె ముందే అనేసింది.

"నువ్వు తోలుకరావద్దు. సంతకు నేనే వస్తా, ఏరుకుంటా. నాలుగుసార్లు పట్టి చూసే తీసుకుంటా. ఎందుకని ఎవరన్నా అడిగితే ఉన్నమాట చెప్తా."

తిరుగుదారిలో లెక్క వేసుకుంటూ వచ్చాడు. ఆరేళ్లలో తన గొర్రెను ఎవరూ పట్టి చూడలేదు. తనను తాను కూడా ఎన్నడూ పట్టి చూసుకోలేదు. ఒట్టు వేసిన ఏడే చెరువులు నిండాయి, బలిసిన గొర్రెకు ఉప్పుతో పని పడలేదు. దాన్నంతా తన గుణం కింద జమ వేసుకున్నాడు. మరి మానేసినవాడు ఉప్పుసంచిని చేతికందే ఎత్తులో ఎందుకు ఉంచుకున్నట్టు? ఆ ప్రశ్న ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా రాలేదు. చేయి తప్పాక గానీ చేతి సంగతి తెలియలేదు.

ఇంటికి వచ్చి సంచి దింపి మల్లీశ్వరి ముందు పెట్టాడు. ఈసారి గుడికి పోలేదు.

"దీన్ని నీకాడే పెట్టుకో. ఆడ ఉంటే నా చెయ్యి ఊరికే ఉండదు. సంతనాడు నీళ్లు కూడా నువ్వే తాపు."

"ఈ మాట ఎప్పుడంటావా అని చూస్తానే ఉండా," అంది ఆమె, సంచి తీసుకుంటూ.

తర్వాతి సంతకు గొర్రెలను ఉన్నవి ఉన్నట్టే తోలాడు. కబురు అతని కంటే ముందే చేరింది. అవతలి వరసలోని వ్యాపారి ఓబన్న, ఉప్పు అంగట్లో దొరకలేదా చెన్నప్పా అని అడిగాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. చెన్నప్ప తల వంచుకొని, వచ్చిన ప్రతివాడికీ పట్టి చూడన్నా అని చెబుతూ పోయాడు. వాళ్లు మొహమాటం లేకుండా వేళ్లు గుచ్చారు. చూసినవాళ్లలో చాలామంది కొనలేదు.

పొద్దెక్కాక తిమ్మక్క వచ్చింది. చెన్నప్ప ఒక పడుచు గొర్రె తల రెండు చేతులా పట్టుకొని నిలబడ్డాడు. ఆమె వంగి ఒక డొక్క పట్టింది. ఇటు తిరిగి రెండోది పట్టింది. అందరూ చూస్తున్నారు. ఆమె వేళ్లు గొర్రె పక్కటెముకల కింద లోపలిదాకా పోతుంటే అతనికి తన కడుపులోనే చేయి పెట్టి వెతుకుతున్నట్టు ఉంది. సిగ్గుతో చెవులు కాలాయి. అయినా, తొందరగా కానీయమని అడగాలనిపించలేదు.

"ఉత్త డొక్కే, నీళ్లు లేవు," అంది తిమ్మక్క, పక్కవాళ్లకు వినిపించేలా. మోకు అందుకుంది. "మళ్లీ వచ్చినా పట్టి చూస్తా."

"పట్టు అక్కా," అన్నాడు చెన్నప్ప.

ఆమె గొర్రెను తోలుకొని పోయింది. అతను ఇంకో గొర్రెను ముందుకు లాగి, దాని డొక్కను ఎదురుగా నిలబడ్డ మనిషి వైపు తిప్పాడు.